మురిగిపోయే పాయింట్లు

జూన్ 28, మంగళవారం

వెయ్యి పాయింట్లు మాయం. పెట్రోలు గాలన్ ఐదు డాలర్లకు కాస్త తక్కువలో ఏడుస్తున్న రోజుల్లో మాయం.

బంకులో ఎప్పటిలాగే ఫోన్ నంబరు నొక్కాను. పద్నాలుగు వందలు ఉండాలి. తెర మీద నాలుగు వందలని వచ్చింది. చేతివేలు జారిందేమోనని మళ్ళీ నొక్కాను. మళ్ళీ నాలుగు వందలే. వెనక కారువాడు హారన్ కొట్టాడు. కొట్టుకోనీ. వంద పాయింట్లకు గాలన్‌కు పది సెంట్లు తగ్గిస్తారు, మహా అయితే డాలరు దాకా. నాకు డాలరు తగ్గాల్సింది నలభై సెంట్లే తగ్గింది. ఈ స్టోరు కార్డు తీసుకుని పందొమ్మిదేళ్ళు. సబ్బుబిళ్ళ కొన్నా ఈ కార్డే గీకుతాను, పాయింట్ల కోసం. నెలాఖరుకు పాయింట్లు మురిగిపోతాయని తెలుసు కాబట్టి ఒక్క నెల కూడా మురగనివ్వలేదు. అలాంటి నా దగ్గరే దొంగతనమా?

ఎవడో వెధవ. దొరకనీ, వాడి సంగతి చెబుతాను.

జూన్ 29, బుధవారం

స్టోరు తెరవగానే వెళ్ళాను. కౌంటరులో ప్యాట్రీస్ ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది, ఊళ్ళో ఎవరు ఏ రకం బ్రెడ్డు తింటారో కూడా చెబుతుంది.

"ఎవరూ కన్నం వెయ్యలేదు వెండెల్ గారూ, మన స్టోరు వాళ్ళ బంకులోనే వాడారు. చిలికాతిలో. పోయిన మంగళవారం మూడూ నలభైకి. పదకొండు గాలన్లు."

"నేను చిలికాతి పోయి ఇరవై ఏళ్ళయింది. అక్కడికి రెండు గంటల దారి. కార్డు నా జేబులో ఉంది, చూడు."

"కార్డుతో పనేముందండీ? తగ్గింపుకు ఫోన్ నంబరు నొక్కితే చాలు. డబ్బు మాత్రం ఎవరిది వాళ్ళు కడతారు. మీ నంబరు ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. అది ఇంటి ఫోను నంబరు. ఆ ఫోను పీకించి మూడేళ్ళయింది."

"ఇంట్లోవాళ్ళకి?"

"ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను ప్యాట్రీస్. ఆ సంగతి నీకు తెలుసు."

ప్యాట్రీస్ ఒక కాగితం ఇచ్చింది. అది నింపి ఇస్తే ఆ నంబరు ఆపేస్తారట, కొత్తది ఇస్తారట. రేపు నింపి ఇస్తాను.

జూన్ 30, గురువారం

కాగితం నింపలేదు. పెన్నులో ఇంకు అయిపోయింది.

జూలై 3, ఆదివారం

చర్చి అయ్యాక అక్క ఇంట్లో భోజనం. లవోన్‌కు డెబ్బై ఆరు. నేనింకా నిక్కరు వేసుకుని తిరుగుతున్నానని ఆమె నమ్మకం. దొంగతనం సంగతి చెప్పాను. ఫోర్కు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఒరేయ్, ఆ నంబరు ముగ్గురికి నోటికొచ్చు. ఒకామె సమాధిలో ఉంది. ఒకడు నా ఎదురుగా కూచుని చెర్రీ పై రొట్టె మెక్కుతున్నాడు. మూడో మనిషి పేరు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"రొట్టె అడుగున సరిగ్గా కాలలేదు" అన్నాను.

"నీ కూతురు బతికుందిరా మొద్దూ. చిలికాతిలో ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిందిపోయి కౌంటరుకెళ్ళి పితూరీలు చెబుతున్నాడు!"

ఆమె పేరు ఈ పుస్తకంలో రాయనని అనుకున్నాను, రాయను కూడా. దొంగ అని రాస్తాను. దొంగ చిలికాతిలో ఉంటే నాకేం? నాకు కావాల్సింది పాయింట్లు.

చిలికాతిలో కాగితపు మిల్లు ఉంది. ఊరంతా ఉడికించిన క్యాబేజీ వాసన వస్తుంది. ఆ వాసన ఆమెకు చిన్నప్పటి నుంచీ పడదు.

జూలై 12, మంగళవారం

బల్బులకు వెళ్ళి నూట తొంభై డాలర్ల సరుకు తెచ్చాను. ధరలు ఇంకా పెరుగుతాయట. ముందుచూపు ఉండాలి. చిక్కుడు గింజల డబ్బాలు నలభై. ఇప్పుడు రెండు వేల ఆరు వందల పాయింట్లు ఉన్నాయి. ఇవన్నీ నా కారుకే.

నా కారు వారానికి నలభై మైళ్ళు కూడా తిరగదు.

జూలై 19, మంగళవారం

పొద్దున, మధ్యాహ్నం, నాలుగింటికి, మూడుసార్లు కౌంటరుకు వెళ్ళి పాయింట్లు అడిగాను. మూడోసారికి ప్యాట్రీస్ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపింది. ఎవరూ వాడలేదు. పోయిన వారమూ వాడలేదు. దొంగకు జబ్బు చేసిందా? ఉద్యోగం పోయిందా? నంబరు మరిచిపోయిందా? మరిచిపోయే నంబరు కాదది. రెండో తరగతిలో నా భార్య రూతన్ ఆమెకు పాటగా నేర్పింది, తప్పిపోతే పోలీసుకు చెప్పాలని.

నేనెందుకు ఆలోచిస్తున్నాను? జరిగింది రాసిపెడతాను, తర్వాత నాకే సందేహం రాకుండా ఉంటుంది.

రూతన్ పోయిన రోజు బిల్లు ఇంకా నా దగ్గరుంది. మూడేళ్ళ కిందటి మార్చి ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడూ యాభై రెండు. మన ఊరి బంకు, పదకొండు గాలన్లు. రూతన్ పోయింది మూడూ యాభైకి. కన్నతల్లి ఆఖరి ఊపిరి తీస్తుంటే దొంగ కారుకు పెట్రోలు పోయించుకుంటోంది, నేనిచ్చిన కార్డుతో. ఇది నేను కల్పించింది కాదు, బిల్లులో ఉంది. సమాధి దగ్గర నుంచి వచ్చి అందరూ మా వంటింట్లో హామ్ తింటున్నప్పుడు ఆ మాటే అన్నాను. బిల్లు చూపించి మరీ అన్నాను. అందులో తప్పేముంది? బిల్లు అబద్ధం చెప్పదు.

ఆమె కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఫోను పీకించాను. ఎవరో చేస్తారని కాదు. నెలకు ముప్పై డాలర్లు దండగ.

జూలై 26, మంగళవారం

చిలికాతి. మూడూ నలభై ఐదు. పదకొండు గాలన్లు.

రాత్రి చిక్కుడు గింజలు రెండు డబ్బాలు తిన్నాను. చాలా బాగున్నాయి.

ఆగస్టు 14, ఆదివారం

చర్చిలో వచ్చే నెల పాన్‌కేకుల పండుగకు సరుకులు నేనే తెస్తానని చెయ్యెత్తాను. నా కార్డు మీద తెచ్చి, తర్వాత చర్చి దగ్గర చెక్కు తీసుకుంటాను. పిండి, వెన్న, సాసేజీలు, రెండు వందల మందికి. ఫాదర్ ముచ్చటపడి నా భుజం తట్టారు. "రూతన్ గారు చూసి ఉంటే ఎంత సంతోషించేవారో" అన్నారు. పాయింట్ల సంగతి ఆయనకు తెలీదు. చెప్పాల్సిన అవసరం నాకూ కనిపించలేదు.

అక్క సరుకులు కూడా నేనే తెస్తున్నాను. ఆమె ఇవాళ మా ఇంట్లో సామాన్ల గది తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఏంట్రా ఇది? యుద్ధమేమైనా వస్తోందా? నాకు చెప్పనే లేదు!"

"చవగ్గా వచ్చాయి."

"పిల్లలకు వేసే డైపర్లు కూడా చవగ్గా వచ్చాయా?"

వాటి మీద నాలుగింతలు పాయింట్లు ఇచ్చారు. అయినా ఎప్పుడేం అవసరం పడుతుందో ఎవరికి తెలుసు? దొంగకు ముప్పై ఏళ్ళు నిండాయి. మూడేళ్ళలో ఎన్నయినా జరిగి ఉండవచ్చు.

ఆగస్టు 23, మంగళవారం

నా బుర్ర పనిచేయడం లేదు.

చిలికాతి, మూడూ నలభై, పదకొండు గాలన్లు. ఇది సరే. కానీ అదే రోజు మూడూ యాభైకి టొలీడోలో తొమ్మిది గాలన్లు. చిలికాతి నుంచి టొలీడోకు మూడు గంటలు పడుతుంది. పది నిమిషాల్లో ఎవరు వెళ్ళగలరు? ప్యాట్రీస్‌తో యంత్రం తప్పు చూపిస్తోందన్నాను. యంత్రం తప్పు చూపించదండీ అంది. బిల్లు అబద్ధం చెప్పదని నేనే అంటాను కాబట్టి ఇంకేమీ అనలేకపోయాను.

ఒకటి దొంగ. మరి రెండోది ఎవరు? మొగుడా? టొలీడోలో ఉద్యోగం చేసే మొగుడు, చిలికాతిలో పెళ్ళామా? అలాంటి కాపురం ఏం కాపురం?

ఆగస్టు 30, మంగళవారం

చిలికాతి, పందొమ్మిది గాలన్లు!

ఆమె నీలం కారులో పన్నెండుకు మించి పట్టదు. ఆ ట్యాంకు నేనే బాగుచేశాను, నాకు తెలుసు. పందొమ్మిదంటే పెద్ద పికప్ బండి. అంటే దొంగ కారు మార్చింది. లేదా మొగుడిది. లేదా అసలు దొంగ ఆమె కాదు. ఎవడో అంకెలు కలిపి నొక్కితే మా నంబరు తగిలింది. రెండు నెలలుగా నేను ఎవడి పికప్‌కో పెట్రోలు పోస్తున్నాను, ఎవడి కోసమో డైపర్లు కొన్నాను.

లేదు, ఆమే. మంగళవారం పదకొండు గాలన్లు ఆమే.

పందొమ్మిది ఎవరు?

సెప్టెంబరు 8, గురువారం

స్టోరు నుంచి ఉత్తరం. అక్టోబరు ముప్పై ఒకటి తర్వాత పాత ఇంటి ఫోన్ల నంబర్లు పంపు దగ్గర పనిచేయవు. అందరూ మొబైల్ నంబరు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాతా మూసేస్తారు.

ప్యాట్రీస్‌ను నిలదీశాను.

"పందొమ్మిదేళ్ళ నంబరు. ఎలా తీసేస్తారు?"

"నేను తీసేస్తున్నానా వెండెల్ గారూ? పైవాళ్ళు. మీ మొబైల్ నంబరు ఈ కాగితంలో రాసివ్వండి, అరనిమిషం పని."

"రాసిస్తే పాత నంబరు?"

"అదింక పనిచెయ్యదు. మీరు కొత్తది నొక్కుకుంటారు, అంతే కదా?"

అంతే కాదు. కొత్త నంబరు ఇస్తే పాతది చస్తుంది. ఇవ్వకపోయినా ముప్పై ఒకటో తేదీకి చస్తుంది. దొంగ పంపు దగ్గర నిలబడి నొక్కుతుంది, ఏమీ రాదు. ముసలాడు చచ్చాడనుకుంటుంది, లేదా కావాలని ఆపేశాడనుకుంటుంది. రెండోదే అనుకుంటుంది. ఒకసారి ఫోను ఆపేసినవాణ్ణే కదా.

నా మొబైల్ పోయిన క్రిస్మస్‌కు అక్క కొనిపెట్టింది. ఆ నంబరు అక్కకు, డాక్టరుకు తప్ప ఎవరికీ తెలీదు.

సెప్టెంబరు 20, మంగళవారం

పదకొండు. పందొమ్మిది. ఎనిమిది. ఏడున్నర. నాలుగూ చిలికాతే.

ఎంతమంది ఆమె?

అక్టోబరు 9, ఆదివారం

కాగితం ఇంకా కారులోనే ఉంది. ఇంక ఇరవై రెండు రోజులే గడువు.

అక్క ఇవాళ నన్ను వదల్లేదు.

"చిలికాతి పో. మంగళవారం మూడున్నరకు బంకులో నిలబడు. మూణ్ణెల్లుగా దాని రాకపోకలు ప్యాట్రీస్ చేత చెప్పించుకుంటున్నావు, కళ్ళతో చూడ్డానికి ఏం మాయరోగం?"

"నాకక్కడ పనేముంది?"

"నీకెక్కడ పనుందిరా? బ్యుసైరస్‌లో ఏం ఏలుతున్నావు, చిక్కుడు గింజల రాజ్యమా?"

"అది రావాలి. తప్పు చేసింది అది."

అక్క గిన్నెలు తీస్తూ, అటు తిరిగి అంది: "రూతన్ పోయిన రోజు పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతున్నాన్రా నేను. నాకు చెవుడు లేదు."

అక్టోబరు 16, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

ఆ రోజు ఆదివారం. నెలాఖరు. ఎనిమిది వందల పాయింట్లు మిగిలి ఉన్నాయి. పొద్దున నర్సు వచ్చి చూసి, ఇంకా రెండు మూడు రోజులు పట్టవచ్చని చెప్పి వెళ్ళింది. కోరీన్ మంచం పక్కన కూర్చుని తల్లి పెదాలు తడుపుతోంది. నాకు ఆ గదిలో ఏం చేయాలో తెలీలేదు. బిల్లుల డ్రాయరు సర్దాను, గోడ గడియారానికి కీ ఇచ్చాను. అప్పుడు తేదీ చూశాను.

"నీ కారు ఖాళీ అయిందన్నావు కదా, వెళ్ళి పోయించుకురా. ఇవాళ ముప్పై ఒకటి. పాయింట్లు మురిగిపోతాయి."

"ఇప్పుడా నాన్నా?" అంది.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? రేపటికి సున్నా. పది నిమిషాల పని."

వెళ్ళనంది. నేను గొంతు పెంచాను. అమ్మ దగ్గర అరవొద్దని, లేచి వెళ్ళింది.

రూతన్ కళ్ళు తెరిచి తలుపు వైపు చూసింది. కోరీన్ ఏదని అడిగిందో, ఊరికే చూసిందో నాకు తెలీదు. ఇప్పుడే వస్తుందని చెప్పాను. రాలేదు.

బిల్లులో ఇదేమీ ఉండదు. బిల్లులో టైము, గాలన్లు ఉంటాయి.

నేనే పంపాను. అందరి ముందూ బిల్లు చూపించాను. అక్కకు తెలుసు, దేవుడికి తెలుసు, ఆమెకూ తెలుసు. నేనొక్కణ్ణే తెలీనట్టు మూడేళ్ళు గడిపాను. నిజంగానే మరిచిపోయానా, మరిచిపోయినట్టు నటించి నటించి అలవాటైపోయిందా, అది కూడా ఇవాళ తేల్చుకోలేకపోతున్నాను.

అక్టోబరు 24, సోమవారం

కారుకు నూనె, టైర్లు, బ్రేకులు చూశాను. మూడు సాండ్‌విచ్‌లు కట్టుకున్నాను. ఒకటి నాకు.

అక్టోబరు 25, మంగళవారం

ఇప్పుడే ఇల్లు చేరాను. అంతా వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నా ఇష్టం వచ్చినట్టు మార్చేసుకుంటాను.

పదకొండింటికే చేరాను. బంకులో గాలి కొట్టే చోటు పక్కన కారు ఆపి కూర్చున్నాను. సాండ్‌విచ్‌లు మూడూ నేనే తిన్నాను. రెండున్నరకు బంకు మేనేజరు వచ్చి కిటికీ కొట్టాడు.

"ఏమైనా ఇబ్బందా పెద్దాయనా?"

"మనిషి కోసం చూస్తున్నాను."

"ఎవరు?"

"అది చూశాక గానీ తెలీదు" అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేసి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి నా మీద ఒక కన్నేసి ఉంచాడు.

మూడూ ముప్పై ఐదుకు ఎర్ర పికప్ వచ్చింది. పెద్ద బండి, పందొమ్మిది గాలన్ల బండి. యాభై ఏళ్ళ లావాటి ఆడమనిషి ఊదారంగు ఆసుపత్రి బట్టల్లో దిగింది. నేను కారు దిగి ఆమె వెనక్కి వెళ్ళాను. ఆమె వేలు పంపు మీద నాలుగు, ఒకటి, తొమ్మిది నొక్కింది. మిగతా ఏడంకెలు చూడక్కర్లేకపోయింది, ఆ చప్పుళ్ళ వరస నాకు తెలుసు.

ఆమె గిరుక్కున తిరిగింది.

"ఏయ్! దూరం జరుగు! నంబర్లు చూసి కొట్టేసే బాపతా నువ్వు? ఈ వయసులో సిగ్గులేదూ?"

నాలుగు నెలలుగా దొంగ కోసం వెతుకుతున్నది నేను.

"ఆ నంబరు నాది" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా టోపీ మీద బ్యుసైరస్ స్కూలు బస్సుల షెడ్డు పేరు ఉంది. అది చదివి, చేత్తో నోరు మూసుకుంది.

"అయ్యో దేవుడా. మీరు కోరీన్ వాళ్ళ నాన్నా?"

ఆమె పేరు రోండా. ఇద్దరూ ఇక్కడి వృద్ధుల ఆశ్రమంలో ఒకే షిఫ్టులో నర్సులకు సాయం చేస్తారు. నన్ను పికప్ మెట్టు మీద కూర్చోబెట్టింది. పెట్రోలు పోసుకుంటూనే చెప్పింది.

"జూన్‌లో మాలో ఒకామె పర్సులో యాభై డాలర్లే ఉన్నాయి, జీతానికి వారం ఉంది. ఈ నంబరు నొక్కి చూడు, పనిచేస్తుందో లేదో తెలీదని కోరీనే చెప్పింది. నొక్కితే గాలన్‌కి డాలరు తగ్గింది! ఫోన్ చేసి చెబితే కోరీన్ ఏడ్చేసింది. 'అయితే బతికే ఉన్నాడు. బండెడు సరుకులు కొంటున్నాడు' అంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, టీ తాగే గదిలో గోడ మీద రాసిపెట్టింది. జీతానికి ముందు ఎవరికి ఇబ్బందైతే వాళ్ళు వాడుకోండి అని. మొత్తం ఎనిమిది మందిమి. టీనా వాళ్ళమ్మది టొలీడో, ఆమెను చూడ్డానికి పోతే అక్కడా వాడుకుంది. కోరీన్ ఒకటే షరతు పెట్టింది. నెలాఖరుకి ఒక్క పాయింటు కూడా మిగలకూడదు. మురిగిపోతే మా నాన్న తట్టుకోలేడు అంటుంది."

నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. రోండా మాత్రం నవ్వింది.

"మంగళవారం పదకొండు గాలన్లు... అది కోరీన్ కదా?" అని అడిగాను. అదొక్కటైనా నిజం కావాలని ఉంది.

"అది మా వంటావిడ మార్లా. కోరీన్ ఒక్క గాలన్ కూడా వాడలేదండీ. అసలు ఈ బంకులో కాలే పెట్టదు. ఎందుకని అడిగితే చెప్పదు. ఎదురుగా ఉన్న దాంట్లో పూర్తి ధర పెట్టి పోయించుకుంటుంది, పిచ్చిది." రోండా మెడ సాచి చూసింది. "అదిగో, అక్కడే ఉంది."

రోడ్డుకు అవతల. నీలం కారు. అదే కారు. వెనక బంపరు మీద సొట్ట కూడా అదే. కోరీన్ జుట్టు కత్తిరించుకుంది. చిక్కిపోయింది. ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేత్తో మెడ నొక్కుకుంటోంది. రూతన్ కూడా సాయంత్రాలు అలాగే నొక్కుకునేది.

రోండా పిలవబోయింది. వద్దన్నాను. ఆమె ఈ బంకులోకి ఎందుకు రాదో నాకు తెలుసు.

నేనే దాటాను. నాలుగు వరసల రోడ్డు. ఎవరో హారన్ కొట్టి బూతులు తిట్టారు. ఆ చప్పుడుకే కోరీన్ తల ఎత్తింది. నేను దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు?" అంది. "అత్తయ్యా?"

"ఎవరూ పోలేదు. నంబరు పోతోంది. ముప్పై ఒకటికి."

"తెలుసు. మా వాళ్ళందరూ అడుగుతున్నారు" అంది. తర్వాత చిన్నగా, "నడిచి దాటావా నాన్నా ఈ రోడ్డు?" అంది.

దారి పొడుగునా చాలా మాటలు తయారుచేసుకున్నాను. మారియన్ దగ్గర ఒక రకంగా, కొలంబస్ దగ్గర ఇంకో రకంగా. ఒక్కటీ మిగల్లేదు.

"ఆ రోజు నేనే పంపాను" అన్నాను. "నువ్వు వెళ్ళనన్నావు. నేనే అరిచి పంపాను. పాయింట్లు మురిగిపోతాయని."

"తెలుసు నాన్నా. వెళ్ళింది నేనే కదా."

పంపు టక్కుమని ఆగింది. ఆమె పైపు తీయలేదు.

"నీకు గుర్తుందో లేదో, అదే నాకు తెలీలేదు" అంది. "మూడేళ్ళు అదే ఆలోచించాను. గుర్తుండే అన్నాడా, మరిచిపోయి అన్నాడా అని. మరిచిపోయి ఉంటే క్షమించేద్దామనుకున్నాను. మూణ్ణెల్లు ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని చెప్పేది ఒకామె. ఆమె గొంతు నాకు బట్టీ వచ్చేసింది."

"గుర్తుంది" అన్నాను. "గుర్తుండే అన్నాను."

చెంపదెబ్బ కొడితే బాగుండుననిపించింది. ఆమె పైపు తీసి పంపుకు తగిలించి, ట్యాంకు మూత బిగించింది. మూత మూడుసార్లు కిర్రుమనేదాకా తిప్పింది, నేను నేర్పినట్టు. వెనక కారువాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఇద్దరం పట్టించుకోలేదు.

"మా వాళ్ళకి కొత్త నంబరు కావాలి" అంది చివరికి, నా ముఖం చూడకుండా. "మార్లాకి ఇద్దరు చిన్నపిల్లలు. నువ్వు మానేస్తే దానికి కష్టమవుతుంది. ఏ నంబరు ఇస్తున్నావు స్టోరుకి?"

"నా మొబైల్‌ది."

"నీకు మొబైల్ ఉందా? చెప్పు, ఎంత?"

నంబరు గుర్తుకు రాలేదు. ఎప్పుడూ నాకు నేను ఫోన్ చేసుకోలేదు కదా. నాలుగు ఒకటి తొమ్మిది అని మొదలుపెట్టి, పాత ఇంటి నంబరే చెప్పుకుంటూ పోయాను. సగంలో నాకే తెలిసి ఆగిపోయాను.

"నీ నంబరు నీకే తెలీదా?" అంది. పెదాల చివర ఏదో కదిలింది, నవ్వు మాత్రం కాదు. "ఇలా ఇవ్వు."

నా ఫోను తీసుకుని ఏవో అంకెలు నొక్కి, మళ్ళీ నా చేతిలో పెట్టింది. ఆమె జేబులో ఫోను మోగింది. ఒక్కసారి మోగనిచ్చి ఆపేస్తే చాలు, నంబరు పడిపోతుంది. అందరూ అలాగే చేస్తారు. ఆమె జేబులోంచి తీసి చూసింది, ఆపలేదు. నేనూ ఆపలేదు. నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి చెవి దగ్గర పెట్టుకుని, నాకు రెండడుగుల దూరంలో నిలబడి, "హలో, ఎవరండీ?" అంది.

నేనూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నాన్నను మాట్లాడుతున్నాను" అన్నాను.